మాస్టర్ మెక్‌గ్రాత్ గొప్పదా, మిక్ ది మిల్లర్ గొప్పదా? ఐర్లండ్ గ్రేహౌండ్ల లొల్లి ఎందుకు తెగుతలేదు

గ్రేహౌండ్స్ అంటే మన వరంగల్, ములుగు, భూపాలపల్లి దిక్కు ముందుగాల యాదికొచ్చేది 1989ల పెట్టిన పోలీస్ దళం. నేను రాసేది అసలు కుక్కల గురించి, అందుల కూడా ఐర్లండ్ గడ్డ మీద పుట్టి ఒక కాలంల రాణిని, చర్చి ఫాదర్లని, బుకీలని, మిల్లు కూలీలని అందర్నీ ఒక్క తీరుగ తన ఎంట తిప్పుకున్న పందెం కుక్కల గురించి.

వాటి మీద ఒక లొల్లి ఉంది, ఎన్నో ఏండ్ల సంది తెగుతలేదు. అన్నిట్ల గొప్ప కుక్క ఏది? ఒకరేమో మాస్టర్ మెక్‌గ్రాత్ అంటరు, వాటర్లూ కప్ 3 సార్లు కొట్టింది కాబట్టి. ఇంకొకరు మిక్ ది మిల్లర్ అంటరు, ట్రాకు రేసులల్ల పెద్దదైన ఇంగ్లిష్ డెర్బీ 1929, 1930ల వరుసగ గెలిచింది, ఒక దశల వరుసగ 19 రేసులు ఓడలేదు. ఐర్లండ్‌లనే ఉన్నోళ్లు స్పానిష్ బ్యాటిల్‌షిప్ పేరు చెప్తరు, ఐరిష్ డెర్బీ 1953, 1954, 1955 మూడేండ్లు దానిదే. టీవీల రేసులు చూసి పెరిగినోళ్లు బ్రిటన్ ట్రాకుల మీద ఉరికిన బాలిరెగన్ బాబ్ వరుసగ 32 గెలిచింది గదా అంటరు, స్కర్లాగ్ చాంప్ 63 రేసులల్ల 51 గెలిచింది గదా అని ఇంకొకరు. ఈ నంబర్లన్నీ పక్కపక్కన పెడితే క్రికెట్ యావరేజీల లెక్క కనిపిస్తయ్, పెద్ద నంబర్ ఉన్నది పెద్ద కుక్క అనిపిస్తది. కానీ జర లోపలికి పోతే ఇవి ఒకే ఆట నంబర్లు కానే కావు, కొన్నిట్లనైతే స్పీడ్ అన్నది గెలుపుల ఒక ముక్క మాత్రమే. ఆ ముడి ఒక్కటి విప్పితే చాలు, ఈ కుక్కల చరిత్ర మొత్తం అర్థమైతది, అందుకే రాస్తున్న.

ముందు పాత ఆట. దాన్ని కోర్సింగ్ అంటరు. ఇంగ్లండ్‌ల స్వాఫమ్ అనే ఊర్ల 1776ల లార్డ్ ఆర్ఫర్డ్ మొదటి కోర్సింగ్ క్లబ్బు పెట్టిండు, అంతకుముందు దొరలు ఎవరికి వాళ్లు పందెం కట్టుకునుడే. 1836ల లివర్‌పూల్‌ల వాటర్లూ హోటల్ నడిపే విలియం లిన్ అనే ఆయన, ఊరి బయట ఆల్ట్‌కార్ మైదానంల ఒక పోటీ మొదలుపెట్టిండు. దానికి హోటల్ పేరే వచ్చింది, వాటర్లూ కప్. తర్వాత నూటడెబ్బై ఏండ్ల దాక కోర్సింగ్ కుక్కలకి అంతకన్నా పెద్ద పేరు లేదు.

ఆట ఎట్లుంటదంటే, పెద్ద బయలు, తడి గడ్డి. స్లిప్పర్ అనే మనిషి రెండు కుక్కలని జంట పట్టీల పట్టుకొని నిలబడ్తడు, ఒకదాని మెడకి ఎర్ర పట్టీ, ఇంకోదానికి తెల్ల పట్టీ. అవతల జనం వరుసగ నడుసుకుంట కుందేలుని లేపి ఇటు తోల్తరు. కుందేలు స్లిప్పర్‌ని దాటి దాదాపు 80 నుంచి 100 గజాలు ముందుకు పోయేదాక ఆయన ఆగుతడు, కుక్కలు రెండూ దాన్ని చూసినయా లేదా అన్నది చేతిల పట్టీ గుంజుడుని బట్టే తెలుస్తది, చూసినయని ఖాయమైనంక రెండింటిని ఒక్కసారే వదుల్తడు. జడ్జి గుర్రం మీద వాటెంట పోతడు. కుందేలు కాడికి ముందు ఏది చేరింది, దాన్ని ఎన్నిసార్లు తిప్పింది, దాన్ని బట్టి ఎర్రనో తెల్లనో గెలిచిందని చెప్తడు.

మా మామ నర్సంపేట దిక్కు మక్క చేను చేస్తడు, అడివి పందులని తరుమనీకి బక్కపల్చటి కార్వానీ జాతి కుక్కని పెట్టుకున్నడు. ఆయనకి ఇదంతా చెప్తుంటే మధ్యల ఆపి, "గిదంత సరే అల్లుడా, కుందేలు దొరికిందా లేదా, గది చెప్పు" అన్నడు. ఎవరైనా అడిగే ప్రశ్నే అది. జవాబు ఏందంటే, దొరికినా దొరకకపోయినా గెలుపు దాని మీద ఆధారపడదు. ముందు చేరినందుకు స్పీడ్ కింద 1 నుంచి 3 పాయింట్లు. ఎనుక ఉన్న కుక్క ముందున్నదాన్ని సాఫు లైన్ల దాటి ఒక నిడివి ముందుకు పోతే 2 పాయింట్లు, బయటి వైపు నుంచి చుట్టు తిరిగి దాటితే 3. కుందేలుని కనీసం మూలమట్టంగ తిప్పితే 1, అంతకన్నా తక్కువ వంచితే అర పాయింట్. పట్టుకున్నందుకు మహా అయితే 2, అది కూడా ఉత్తగ దొరికితే ఇంకా తక్కువ. అంటే అవతలి కుక్క తిప్పి తిప్పి అలిసిపోయిన కుందేలుని చివరికి ఇది నోట కరుచుకున్నా, ఓడిపోవచ్చు. ఇది విన్నంక మామ కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "అయితే ఉరుకుడు కాదు, పనితనం చూస్తరన్నట్టు" అన్నడు. నేను ఇంత పెద్దగ రాసింది ఆయన నాలుగు మాటలల్ల తేల్చిండు.

ఇప్పుడు మాస్టర్ మెక్‌గ్రాత్ దగ్గరికి రావొచ్చు. 1866ల ఐర్లండ్ దక్షిణాన వాటర్‌ఫర్డ్ కౌంటీల, డంగార్వన్ అనే ఊరి పక్కన పుట్టింది. దాని యజమాని లార్డ్ లర్గన్, ఆయన ఉండేది ఉత్తరాన ఆర్మా కౌంటీ లర్గన్‌ల. పిల్లగ ఉన్నప్పుడు ఇది బక్కగ, పనికిరానిదాని లెక్క కనిపించిందట, ముంచి సంపుమన్నరట, కుక్కలని చూసుకునే మెక్‌గ్రాత్ అనే అనాథ పిలగాడు బతిమాలి దక్కించుకున్నడట, అందుకే ఆ పిలగాని పేరే దానికి పెట్టిన్రని చెప్పుకుంటరు. ఈ కథల ఎంత నిజమో గానీ, దొర కుక్కకి జీతగాని పేరు ఉండుడు అన్న ఒక్క ముచ్చటతోనే జనం దాన్ని తమది అనుకున్నరు.

1868ల మొదటి కప్, 1869ల రెండోది. 1870ల ఆల్ట్ నది గడ్డకట్టి ఉంటే కుక్క ఉరుకుంట ఆ మంచు మీదికి పోయింది, మంచు పలిగి నీళ్లల్ల పడ్డది, ఒక ఐర్లండ్ స్లిప్పరే దిగి బయటికి తీసిండు. ఆ కోర్సు ఓడింది. ఇగ దీన్ని మళ్ల ఉరికియ్యను అని లార్డ్ లర్గన్ అనుకున్నడు. అయినా మనసు మారి 1871ల తీసుకొచ్చిండు, మూడో కప్ కూడా గెలిచింది. మొత్తం 37 కోర్సులు ఉరికి ఓడింది ఆ ఒక్కటే. విక్టోరియా రాణి చూడాలని అడిగితే విండ్సర్ కోటకి తీసుకపోయిన్రు. తర్వాత ఎక్కువ కాలం బతకలే, సచ్చినంక కోసి చూస్తే గుండె మామూలు కుక్క గుండెకి రెండింతలు ఉందని చెప్తరు.

ఇక్కడ మొదటి చిక్కు. 3 కప్‌లు కొట్టిన మొదటి కుక్క మెక్‌గ్రాత్ కాదు. అంతకుముందే సెరిటో అనే కుక్క 1850, 1852, 1853ల మూడు కొట్టింది. మరి దాని పేరు ఎందుకు ఎవ్వరికీ తెల్వదు? సెరిటో కాలంల కప్‌ల 32 కుక్కలే ఉండేటివి, అంటే 5 రౌండ్లు గెలిస్తే కప్. 1857 నుంచి 64 కుక్కలైనయ్, 6 రౌండ్లు. ఒక్క రౌండే గదా అనొద్దు, మూడు రోజులల్ల అలిసిన కాళ్లతోని ఇంకో కుందేలు ఎంట పడుడు అంటే మామూలు ముచ్చట కాదు. మళ్ల మెక్‌గ్రాత్ తర్వాత ఫుల్లర్‌టన్ అనే ఇంగ్లండ్ కుక్క 1889, 1890, 1891, 1892 వరుసగ నాలుగేండ్లు కప్ తీసుకుంది. అయితే 1889ది పూర్తిగ దానిది కాదు, ఫైనల్‌కి వచ్చిన ట్రఫెండ్ కూడా అదే యజమానిది, కర్నల్ నార్త్‌ది, రెండూ ఆయనవే అయినంక ఇగ ఉరికిచ్చుడెందుకని కప్ చెరిసగం చేసిన్రు. అట్ల నాలుగా, మూడున్నరా అన్నది కూడా చూసేటోళ్లని బట్టే ఉంటది. లెక్క చూస్తే ఫుల్లర్‌టన్‌ది పైచెయ్యే. పేరు చూస్తే మాత్రం మెక్‌గ్రాత్ ఎక్కడో ఉంది.

ఆ తేడా కుక్కలది కాదు, జనానిది. కరువు చూసి, వలసలు చూసి, ఇంగ్లండ్ పెత్తనం కింద నలిగిన దేశం ఐర్లండ్. ఇంగ్లండ్ దొరల మైదానంలకి పోయి, వాళ్ల కుక్కలని, వాళ్ల జడ్జి ముందట, వాళ్ల కప్ కోసం ఓడగొట్టుడు అంటే అది ఉత్త పందెం కాదు. అందుకే పాట కట్టిన్రు, ఆ పాట ఇప్పటికీ పబ్బులల్ల పాడ్తరు. పాటల అది ఇంగ్లండ్ ఆడకుక్క రోజ్‌ని ఓడగొట్టినట్టు ఉంటది, నిజంగ 1869 ఫైనల్‌ల అది గెలిచింది స్కాట్లండ్ ఆడకుక్క బాబ్ ఎట్ ది బౌస్టర్ మీద. పాటకి ఇంగ్లండే కావాలె, స్కాట్లండ్ వద్దు. మన ఒగ్గు కథల కూడా గంతే గదా, ఐనవోలు జాతరల మల్లన్న ఎంట ఉండే కుక్క గురించి చెప్పేటప్పుడు ఒగ్గు పూజారి లెక్కపత్రం చూసుకుంట చెప్పడు, వినేటోళ్ల గుండె చూసుకుంట చెప్తడు. డంగార్వన్ దగ్గర రోడ్డు పక్కన మెక్‌గ్రాత్‌కి రాతి స్మారకం ఉంది, లర్గన్‌ల విగ్రహం ఉంది. కుక్కకి స్మారకమేంది అని ఎవరన్నా నవ్వితే వాళ్లకి మన దక్కన్‌ల ఆతకూర్ శాసనం గురించి చెప్పాలె. ఇప్పటి కర్ణాటక మండ్య జిల్లాల, దాదాపు 949–950ల చెక్కింది. గంగ రాజు బూతుగుడు తన కాళి అనే వేటకుక్కని మణలేరుడు అనే వీరునికి బహుమతి ఇచ్చిండు, అది పెద్ద అడివి పంది మీద పడి పోరాడి రెండూ సచ్చినయ్, దానికి రాయి నిలబెట్టి పూజకి భూమి కూడా ఇచ్చిన్రు. ఐర్లండ్ వాళ్ల కన్నా 900 ఏండ్ల ముందు.

సరే, రెండో చిక్కు ఇంకా పెద్దది. 1926 తర్వాత ఆటే మారిపోయింది.

కుందేలు బదులు బొమ్మని గుంజుడు అన్న ఆలోచన పాతదే. 1876ల లండన్ పక్కన హెండన్‌ల పట్టాల మీద బొమ్మ కుందేలుని పెట్టి చూసిన్రు, నడవలే. ఎందుకు నడవలేదంటే అది సక్కటి గీత మీద రేసు. వంపులు లేవు, తిప్పుడు లేదు, ఎక్కువ స్పీడున్న కుక్క మొదటి నుంచి చివరిదాక ముందే ఉంటది, చూసేటోళ్లకి అందుల మజా ఏముంటది? తర్వాత అమెరికాల ఓవెన్ ప్యాట్రిక్ స్మిత్ అనే ఆయన గుండ్రటి ట్రాకు చుట్టూ తిరిగే కరెంటు కుందేలు తయారుచేసి, 1919ల కాలిఫోర్నియా ఎమరీవిల్‌ల ట్రాకు తెరిచిండు. అది సముద్రం దాటి 1926 జూలై 24న మాంచెస్టర్ బెల్‌వ్యూకి వచ్చింది. మొదటి రోజు 1,700 మంది దాక వచ్చిన్రు. మరుసటి ఏడు ఏప్రిల్‌ల బెల్‌ఫాస్ట్ సెల్టిక్ పార్కుల ఐర్లండ్ మొదటి రేసు, మే నెలల డబ్లిన్ షెల్‌బోర్న్ పార్కు. 1946 వచ్చేసరికి బ్రిటన్‌ల ఏడాదికి 3 కోట్లకి పైనే టికెట్లు తెగినయ్. పగటి పని అయిపోయినంక, లైట్ల కింద, ఊరి నడుమ, తక్కువ పైసలతోని చూసే ఆట అది. దొరల మైదానంల నుంచి కూలీల సాయంత్రంలకి వచ్చింది. నాకైతే ఈ మార్పే మొత్తం కథల అన్నిటికన్నా ముఖ్యమైన ముచ్చట అనిపిస్తది.

కొత్త ఆటల జడ్జి పాయింట్లు లేవు. బ్రిటన్, ఐర్లండ్‌ల 6 కుక్కలు, 6 ట్రాపులు, అంటే రేసు మొదలయ్యేదాక కుక్కలని నిలబెట్టే పెట్టెలు. ఒకటో నంబర్‌కి ఎర్ర జాకెట్, రెండుకి నీలం, మూడుకి తెలుపు, నాలుగుకి నలుపు, అయిదుకి నారింజ, ఆరుకి నలుపు తెలుపు చారలు. రేసుకి ముందు ప్రతి కుక్కని తూస్తరు, పోయినసారి కన్నా బ్రిటన్‌ల కిలో దాటి తేడా వస్తే ఉరకనియ్యరు. చెవులల్ల పచ్చబొట్టు, రంగు మచ్చలు రాసిన పుస్తకం చూసి అదే కుక్కనా కాదా ఖాయం చేస్తరు, ఎందుకంటే ఒకదాని పేరు మీద ఇంకోదాన్ని ఉరికిచ్చి పందెం కొట్టేటోళ్లు మొదటి నుంచి ఉన్నరు.

ట్రాపు తెరుచుకున్నంక అయిదారు సెకన్లల్ల మొదటి బెండ్, అంటే ట్రాకు వంపు, వస్తది, సగం రేసు అక్కడనే తేలుతది. ఒకటో ట్రాపుల ఉన్న కుక్కకి లోపలి కంచె పట్టుకొని పోయే అలవాటుంటే మంచిదే, బయటికి గుంజే అలవాటుంటే మధ్యల కుక్కలన్నిటికీ అడ్డం వస్తది. గ్రేహౌండ్ ఒక్క అంగల రెండుసార్లు నాలుగు కాళ్లూ గాల్లకి లేపుతది, దాని వేగానికి మూలం అదే. మనిషి వంపుల దగ్గర నెమ్మదిస్తడు, ఇది నెమ్మదించదు, బెండ్‌ల కాళ్ల మీద పడే బరువు 65 శాతం పెరిగినా అడుగు వేసే తీరు మారదని 2005ల వచ్చిన ఒక పరిశోధనల తేలింది. అదే దానికి బలం, అదే గండం. ఎప్పుడూ ఎడమకే తిరుగుడు కాబట్టి కుడి ఎనుకకాలు మడమ ఎముకలు పలిగే దెబ్బలు ఈ ఆటల మామూలు. అట్లాంటి బెండ్‌ల ముందు రెండు కుక్కలు రాసుకుంటే ఎనుకున్నవి ఏం చేస్తయ్? చానా వాటికి కుందేలు తప్ప ఏం కనపడదు, పోయి గుద్దుకుంటయ్.

మిక్ ది మిల్లర్ గుద్దుకోదు. దాని గొప్పతనం మొత్తం ఇందుల ఉంది.

1926 జూన్‌ల, అంటే బెల్‌వ్యూల మొదటి రేసు అయ్యే నెల ముందు, ఐర్లండ్ ఆఫలీ కౌంటీ కిల్లీ ఊర్ల పుట్టింది. పెంచింది చర్చి ఫాదర్ మార్టిన్ బ్రోఫీ. పేరు ఆయన దగ్గర చిన్నచిన్న పనులు చేసే మిక్ మిల్లర్ అనే మనిషిది. మళ్ల పనోని పేరే. చిన్నప్పుడు డిస్టెంపర్ అనే కుక్కల రోగం వచ్చి సావు దాక పోయింది, షెల్‌బోర్న్ పార్కుల డాక్ అని పిలిచే ఆర్థర్ కాలనన్ అనే ఆయన దగ్గరుండి బతికిచ్చుకున్నడు. 1929ల లండన్ వైట్ సిటీకి డెర్బీకి తీసుకొస్తే మొదటి రౌండ్‌లనే 525 గజాలు 29.82 సెకన్లల్ల ఉరికింది. ఆ దూరం 30 సెకన్ల లోపల ఉరికిన మొదటి కుక్క ఇదే, గంటకి దాదాపు 58 కిలోమీటర్లు అన్నట్టు, అది కూడా 4 బెండ్లు తిరుక్కుంట. వెంటనే ఒక లండన్ బుకీ 800 గినీలు (గినీ అంటే పౌండ్ కన్నా జర ఎక్కువ) పెట్టి కొన్నడు. ఆ డెర్బీ గెలిచింది, తర్వాత ఇంకో యజమానికి 2,000 పౌండ్లకి పోయింది. 1930ల డెర్బీ మళ్ల గెలిచింది, అప్పుడు వింబుల్డన్‌ల సిడ్నీ ఆర్టన్ దాని ట్రైనర్.

చూసినోళ్లు అప్పట్ల రాసింది ఏందంటే, మిక్ అన్నిట్ల ఫాస్ట్ కుక్క కాదు. అప్పటికే దానికన్నా వేగంగ ట్రాపు నుంచి బయటపడేవి ఉన్నయ్. మిక్ మాత్రం బెండ్ దగ్గర ముందు కుక్కలు విడిపోయేదాక జరంత ఆగి, సందు ఎక్కడ దొరికితే అక్కడ దూరేది. స్టాప్‌వాచ్ దాన్ని కొలవదు.

ఇగ మూడో చిక్కు, నాకు చానా ఇష్టమైనది. 1929 ఫైనల్ మొదటిసారి ఉరికినప్పుడు మొదటి బెండ్‌ల కుక్కలు గుద్దుకున్నయ్, గీత దాటింది పాలటినస్ అనే కుక్క. జడ్జీలు ఆ రేసు చెల్లదన్నరు, మళ్ల ఉరికిచ్చిన్రు, అప్పుడు మిక్ గెలిచింది. రెండేండ్లకి 1931ల, మిక్‌కి అయిదేండ్లు నిండే టైంల, డెర్బీ ఫైనల్‌ల అదే ముందు గీత దాటింది, స్టేడియం మొత్తం ఊగిపోయింది. కానీ ఎనుక రైలాండ్ ఆర్ అనే కుక్క ఇంకోదాని మీదికి పోయిందని ఆ రేసు కూడా చెల్లదన్నరు. జనం ఎంత లొల్లి చేసినా వినలే. మళ్ల ఉరికిస్తే వయసు మీద పడ్డ కుక్క అలిసిపోయింది, సెల్డమ్ లెడ్ గెలిచింది. ఒకే రూల్ మొదటి డెర్బీ ఇచ్చింది, మూడో డెర్బీ గుంజుకుంది. ఎవరన్నా మిక్ రెండే గెలిచింది గదా అంటే ఈ రెండు రాత్రుల గురించి చెప్పాలె, రెండూ చెప్పాలె, ఒక్కటే చెప్పి ఊకోవద్దు.

టైములు పోలుద్దామనుకునేటోళ్లకి కూడా ఒక మాట. డెర్బీ దూరమే నాలుగైదు సార్లు మారింది. 1927ల 500 గజాలు, 1928 నుంచి 525 గజాలు, 1975 నుంచి 500 మీటర్లు, 1985ల వింబుల్డన్‌కి పోయినంక 480 మీటర్లు. 525 గజాలు, 480 మీటర్లు దాదాపు ఒక్కటే కాబట్టి మిక్ 29.82ని వింబుల్డన్ టైములతోని పోల్చి ఇది స్లో కుక్క అనేటోళ్లు ఉన్నరు. మిక్ ఉరికింది గడ్డి మీద, వాన పడితే బురద. తర్వాతవి ఉరికింది లెవల్ చేసిన ఇసుక మీద. బెండ్ల వంపు వేరు, తిండి వేరు, డాక్టర్లు వేరు. ఒకే రోజు ఒకే ట్రాకుల కూడా నేల తడిని బట్టి టైముని సవరించి రాసుకుంటరు వాళ్లు, అట్లాంటిది 60 ఏండ్ల తేడాని నేరుగ ఎట్ల పోలుస్తం?

వరుస గెలుపుల లెక్క కూడా గిట్లనే. బాలిరెగన్ బాబ్ 1986 డిసెంబర్ 9న హోవ్‌ల 32వది గెలిచి, అమెరికా కుక్క జో డంప్ పేరున్న 31 రికార్డు దాటింది. జార్జ్ కర్టిస్ దాని ట్రైనర్, ఆయన దాన్ని ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం ఉరికియ్యాలో చూసుకొని చూసుకొని దించిండు. అది తప్పు కాదు, ట్రైనర్ పనే అది. కానీ డెర్బీల ఆ సౌలత్ ఉండదు, దేశంల ఉన్న మంచి కుక్కలన్నీ వస్తయ్, ట్రాపు లాటరీ, రౌండ్ తర్వాత రౌండ్, ఒక్క గుద్దుడుతో ఇంటికి. స్కర్లాగ్ చాంప్‌ది ఇంకో తీరు, చానా దూరాల రేసుల కుక్క. మొదట్ల అన్నిటికన్నా ఎనుక, టీవీల చూసేటోళ్లు అయిపోయింది అనుకునే టైంల ఒక్కొక్కదాన్ని దాటుకుంట వచ్చేది. దాన్ని డెర్బీ దూరంల నిలబెడితే గెలవకపోవచ్చు, మిక్‌ని దాని దూరంల పెడితే ఏమైతదో. 1947ల ట్రెవ్స్ పర్‌ఫెక్షన్ అనే కుక్క ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్ డెర్బీలు మూడూ ఒక్క ఏడే గెలిచింది, మూడు ట్రాకులు, మూడు నేలలు. అయినా గొప్ప కుక్కల లిస్టుల దాని పేరు చానామంది మర్చిపోతరు, ఎందుకో నాకు అర్థం కాదు.

ఒక మాట ఇక్కడనే చెప్పాలె. పేరున్న ఈ పది కుక్కల ఎనుక పేరు లేనివి లక్షలు. గ్రేహౌండ్ రేసు బతుకు ఏడాదిన్నరకి మొదలై మూడున్నర, నాలుగేండ్లకి అయిపోతది, తర్వాత ఇంకో ఏడెనిమిదేండ్లు బతకాల్సిన కుక్క ఏం కావాలె అన్నది ఈ ఆట చానా కాలం పట్టించుకోలే. మిక్‌కి సినిమాల వేషం దొరికింది, అన్నిటికీ దొరకదు గదా. కోర్సింగ్‌ల కుందేలు సంగతి సరే సరి. ఇంగ్లండ్‌ల చట్టం వచ్చి వాటర్లూ కప్ 2005ల ఆఖరిసారి జరిగింది. ఉత్తర ఐర్లండ్ 2011ల కోర్సింగ్ ఆపింది. దక్షిణాన ఇంకా ఉంది, 1993 నుంచి కుక్కల మూతికి బుట్ట కట్టి. ట్రాకు రేసులు కూడా మూతపడుతున్నయ్, వైట్ సిటీ 1984ల, వింబుల్డన్ 2017ల పోయినయ్, ఫ్లోరిడా జనం 2018ల ఓటేసి ఆపిన్రు, న్యూజిలాండ్ సర్కార్ 2024 డిసెంబర్‌ల, వేల్స్ సర్కార్ 2025ల బంద్ పెడ్తమని ప్రకటించినయ్. నాకు ఈ కుక్కలంటే ప్రాణం, అయినా ఈ బంద్‌లు తప్పు అని నేను అనలేను. మన దగ్గర ఇది చదివి పొలాల పొంట కుందేళ్ల మీదికి కుక్కలని వదిలే పిలగాళ్లు ఉంటే వాళ్లకి సాఫ్‌గ చెప్తున్న, 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేలు వేట నేరం, కేసు అయితది. కుక్క మీద ప్రేమ ఉంటే ముధోల్ జాతినో, కార్వానీనో మంచిగ పెంచుకోండ్రి, రోజూ ఉరకనియ్యండ్రి. ముధోల్ అంటే కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాది, మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, అక్కడికి పోయి కుక్కపిల్లల కోసం అడిగేరు.

ఇగ నన్నడిగితే. మెక్‌గ్రాత్‌ని, మిక్‌ని ఒక తరాజుల పెట్టను, ఒకటి పాయింట్ల ఆట, ఇంకోటి గీత దాటే ఆట. పాత ఆటల ఫుల్లర్‌టన్ లెక్క పెద్దదైనా నా ఓటు మెక్‌గ్రాత్‌కే, నీళ్లల్ల పడి ఓడినంక మళ్ల వచ్చి గెలిచినందుకు. ట్రాకు మీద మిక్‌కే, దానికి కారణం డెర్బీలు కూడా కాదు, ఆఖరి రేసు. 1931 డెర్బీ అట్ల చేజారినంక చానామంది ఇగ అయిపోయింది అన్నరు. అదే ఏడు వెంబ్లీల సెయింట్ లెజర్ అనే రేసు, 700 గజాలు, అలవాటైన దూరం కన్నా చానా ఎక్కువ, అయిదేండ్లు దాటిన కుక్క. గెలిచింది, మళ్ల రేసుల దిగలేదు.

మూడో పేరు అడిగితే స్పానిష్ బ్యాటిల్‌షిప్. దాని మీద మన భాషల కాదు, ఇంగ్లిష్‌ల కూడా తక్కువ రాసిన్రు, పాట లేదు, రాణి పిలవలే. కానీ ఇంగ్లిష్ డెర్బీ రెండుసార్లు గెలిచినవి మిక్ తర్వాత ప్యాట్రీషియాస్ హోప్ 1972, 1973ల, రాపిడ్ రేంజర్ 2000, 2001ల, వెస్ట్‌మెడ్ హాక్ 2005, 2006ల, మూడోది ఒక్కదానికీ అందలే. ఐరిష్ డెర్బీల ఆ మూడోది కూడా కొట్టింది స్పానిష్ బ్యాటిల్‌షిప్ ఒక్కటే.